ఆపితే లేవని వ్యాను

ఆగస్టు నెలలో ఒక శనివారం, పగలు రెండుంబావు. ఈ టైము నేను గడియారం చూసి చెప్తున్నది కాదు. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు, అక్షరమ్ముక్క రాదు. కాన్పుల గదిలో నర్సమ్మగారు కేసు కాగితం మీద రాసుకుంటూ పైకి అన్నది.

"రెండుంబావు. ఇంక ఇక్కడ పెట్టుకుని లాభం లేదు. బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తియ్యాలి. బెజవాడ తీసుకుపొమ్మంటున్నారు డాక్టరమ్మగారు."

ఆ మాట నా చెల్లెలి గురించి. దానికి అది తొలి కాన్పు.

ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే పెద్ద స్టేషను కడుతున్న రోజులవి. చెల్లెలి మొగుడు అక్కడ కాంక్రీటు పనిలో ఉన్నాడు. మాకు అమ్మానాన్నా లేరు కాబట్టి పురిటికి దాన్ని నా దగ్గరికే తెచ్చుకున్నాను. చల్లపల్లికి ఇవతల చిన్న మిషను ఆసుపత్రి ఒకటి ఉండేది. మా ఆయన అందులో వ్యాను డ్రైవరు. మా అత్తగారు అందులోనే ఆయాగా చేసి, ఓపిక లేక మానేసింది. ఆసుపత్రి వెనక లైను ఇళ్లలో మా కాపురం. మాకు పిల్లలు లేరు. అందుకని చెల్లెలి కడుపులో ఉన్నదాన్ని అత్తగారు సొంత మనవరాలి కిందే లెక్కేసుకుంది. ఆడపిల్లేనని ముందే తేల్చేసింది కూడా.

చెల్లెల్ని స్ట్రెచరు మీద తెచ్చి వ్యానులో పడుకోబెట్టాము. నర్సమ్మగారు ఎక్కింది. అత్తగారు ఎవరూ పిలవకుండానే బైబిలు సంచి పట్టుకుని ఎక్కింది. మా ఆయన సీట్లో కూర్చుని తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. టక్ అన్నది. అంతే. మళ్లీ కొట్టాడు. ఆ టక్ కూడా లేదు.

నెలకు పైగా ఆయన పచ్చకామెర్లతో మంచం మీద ఉండి, ఆ పొద్దుటే డ్యూటీలో చేరాడు. కళ్లలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. 

హ్యాండిలు వేసి తిప్పుదామంటే ఆ వ్యానుకు హ్యాండిలు పెట్టే కన్నం లేదు. అంతకుముందు ఏడు ఘంటసాల దగ్గర గేదె అడ్డం వస్తే గుద్దుకుని ముందుభాగం నొక్కుకుపోయింది. గేదె లేచి వెళ్లిపోయింది గానీ వ్యాను మొహం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక తోయడమొక్కటే మిగిలింది. రోగుల తాలూకు మనుషులు వచ్చి వెనక చేతులు వేశారు. కాంపౌండంతా ఒక చుట్టు తోశాక గేటు దగ్గర ఇంజిను దగ్గింది, తుమ్మింది, అందుకుంది.

మా ఆయన వెనక్కి తిరిగి అందరికీ వినపడేటట్టు ఒకటే మాట అన్నాడు. "బెజవాడ దాకా దీన్ని ఆపేది లేదు. ఆపితే మళ్లీ లేవదు."

"ఎందుకు లేవదురా?" అన్నది అత్తగారు. "బ్యాటరీని నువ్వు మంచాన పడ్డప్పటినించీ నేను కళ్లల్లో పెట్టుకుని చూశాను గదా."

ఆవిడ అన్నది నిజమే. ఎలా చూసిందో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

మా ఆయన బండి విషయంలో చాదస్తపు మనిషి. ప్రతి సోమవారం కాఫీ తాగకముందే బానెట్ ఎత్తేవాడు. బ్యాటరీ మీద మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి తొంగిచూసేవాడు. ప్లేట్లు మునిగి పైన గోరంత నీళ్లు ఉండాలి. అంతకు తగ్గితే ప్లేట్లు ఎండి చస్తాయి, ఎక్కువైతే లోపలి యాసిడ్ పొంగి బయటికి పోతుంది. మామూలు నీళ్లలో కంటికి కనపడని ఉప్పూ సున్నమూ ప్లేట్లను తినేస్తాయి కాబట్టి, తగ్గినప్పుడు పోసేది ఆసుపత్రి ల్యాబులో మరగబెట్టి ఆవిరి పట్టిన నీళ్లు. పెద్ద గాజు జాడీలో ఉండేవి. మూతల్లో సన్నటి కన్నాలుంటాయి, వాటిని చీపురుపుల్లతో పొడిచేవాడు, గాలి ఆడాలని. తీగలు బిగించే చోట తెల్లగా పొక్కు కడితే వంటసోడా కలిపిన గుడ్డతో తుడిచి, ఆరాక వాజిలిన్ రాసేవాడు. బండి కదలకుండా షెడ్డులో ఉన్నా వారానికి రెండుసార్లు స్టార్టు చేసి కాసేపు ఉంచేవాడు. ఇదంతా అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని బియ్యం ఏరుకుంటూ ఏళ్ల తరబడి చూసింది. చూసిందే గానీ, ఏం నీళ్లు, ఎందుకు, ఎంత, అని ఎప్పుడూ అడగలేదు. కొడుకు పనిని తల్లి అడిగి నేర్చుకోవడమేమిటి అన్నట్టుండేది.

ఆయన పడకేశాక వ్యాను షెడ్డులోనే ఉండిపోయింది. వేరే డ్రైవరు దొరకలేదు. మా అన్నం ఆ బండిలోంచే వస్తుందని ఆవిడకు బాగా తెలుసు. కొడుకు లేచేటప్పటికి బండి ఎక్కడ పాడవుతుందోనని ఆవిడకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే పనిలోకి దిగింది.

మావైపు బావుల నీళ్లు ఉప్పు. తాగడానికి కాలువ నీళ్లే. వానాకాలంలో కాలువ ఎర్రటి బురదతో వస్తుంది. ఆ నీళ్లు కాగులో పోసి, పటిక ముక్క పట్టుకుని లోపల గుండ్రంగా తిప్పి, మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి పైన తేటనీళ్లు నిలుస్తాయి. కాగు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. అంతకన్నా శుభ్రమైన నీళ్లు లోకంలో ఉంటాయని మాలో ఎవరూ అనుకోలేదు. ఇంటికొచ్చిన పాస్టరుగారికి ఆ నీళ్లే ఇచ్చేవాళ్లం, బాలింతకూ ఆ నీళ్లే పట్టేవాళ్లం. అత్తగారు రోజూ పొద్దున్నే ఆ కాగులో పైపైన ఉన్న తేట ముంచి, గుడ్డలో వడగట్టి, తీసుకెళ్లి బ్యాటరీలో పోసేది. గోరంత కాదు, గొంతుదాకా. పోసిన ప్రతిసారీ పొంగి పక్కలకు కారేది. తెల్లటి పొక్కు వస్తే చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమేది. దుమ్ము పడకుండా మూతల కింద గుడ్డముక్కలు కూడా పెట్టింది. నేను చూశాను. నాకేం తెలుసు. ముసలమ్మ ఎంత శ్రద్ధగా చేస్తోందో అనుకున్నాను.

కూచిపూడి దాటాము. నాకు మైలురాళ్ల మీద అంకెలు చదవడం రాదు. ఒక్కో రాయి వచ్చినప్పుడల్లా "ఇంకెంత దూరమండీ" అని అడుగుతుంటే మా ఆయన మొదట చెప్పాడు, తరవాత చెప్పడం మానేశాడు. అడ్డంగా ఎడ్లబండి వస్తే బ్రేకు నొక్కుతూనే ఇంకో కాలు యాక్సిలేటరు మీంచి తియ్యకుండా ఇంజిన్ని అరిపిస్తున్నాడు. చెల్లెలి తల నా ఒళ్లోనే ఉంది, కానీ ఆ రోజు నేను దాని మొహం సరిగా చూడలేదు. దారంతా ఇంజిను చప్పుడే వింటూ కూచున్నాను.

చెల్లెలు నొప్పి ఆగినప్పుడు కళ్లు తెరిచి, "అక్కా, బావ బండి నాకంటే ఎక్కువ మూలుగుతోందే" అన్నది.

"మూలిగితే మంచిదేలే, మూలగడం మానేస్తేనే తంటా" అన్నాడు మా ఆయన ముందునించి.

"మీ వేళాకోళాలు తగలెయ్య. నోరు మూసుకుని ప్రార్థన చేసుకోండి" అన్నది అత్తగారు. నర్సమ్మగారు మాత్రం గొట్టం చెవులకు పెట్టుకుని బిడ్డ గుండె వింటోంది. విన్న ప్రతిసారీ నేను ఆమె మొహం వంక చూసేదాన్ని. ఆమె నా వంక చూసేది కాదు.

ఉయ్యూరు దగ్గరికి వచ్చేటప్పటికి పెట్రోలు అయిపోవచ్చింది. బంకులోకి తిప్పాడు. ఇంజిను ఆపలేదు. బంకు ఆయన పైపు చేతిలో పట్టుకుని దూరంగానే నిలబడ్డాడు.

"ఇంజిన్ ఆపవయ్యా."

"ఆపితే లేవదండి. లోపల కాన్పు కేసుంది. ఇలాగే పొయ్యండి."

"ఇలాగే పోస్తే నువ్వూ లేవవు, నేనూ లేవను, ఉయ్యూరు సగం లేవదు. ఆపు."

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను."

"నాకు దణ్ణం పెట్టి ఏం లాభమయ్యా, నిప్పుకు పెట్టు."

నేను వెనక తలుపు తోసుకుని దిగాను. నాకు మర్యాదగా మాట్లాడటం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. "లోపలికొచ్చి చూడండి. చూశాక ఆపమంటే ఆపుతాం" అన్నాను. ఆయన వచ్చి చూశాడు. చెల్లెలు అప్పుడే పళ్లు బిగించి ఒళ్లు విల్లులా వంచింది. ఆయన మొహం తిప్పుకుని లోపలికి పోయి ఒక డబ్బా నిండా పెట్రోలు పట్టి తెచ్చాడు. "బంకులో మాత్రం పొయ్యొద్దు. అటు దూరంగా ఆ చేల దగ్గరికి తీసుకుపోయి ఏం చేసుకుంటారో చేసుకోండి. నన్ను అడగొద్దు" అన్నాడు.

చేల పక్కన బండి నిలిపి, ఇంజిను నడుస్తుండగానే పోశాము. మా ఆయన కాలు యాక్సిలేటరు మీంచి తీస్తే ఆగిపోతుంది కాబట్టి ఆయన దిగడానికి లేదు. గరాటా నేను పట్టుకున్నాను, డబ్బా అత్తగారు వంచింది. డబ్బా బరువుకు ఒరిగిపోయి పెట్రోలు గరాటా అంచుమీంచి జారి నా చీర కుచ్చెళ్ల మీద పడింది. కింద పొగగొట్టం నుంచి వేడిగాలి కాళ్లకు తగులుతోంది. లోపల చెల్లెలు అరుస్తోంది. నా మనసులో ఒకటే ఆలోచన. నాకు నిప్పంటుకుంటే చెల్లెలు చూస్తుంది గదా అని. అత్తగారు పైకి గొణుగుతోంది, "ప్రభువా, ఇంకో చుక్క, ఇంకో చుక్క" అని. డబ్బా ఖాళీ అయ్యాక ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. పెట్రోలు తడిసిన కుచ్చెళ్లు విదిలించుకుని ఎక్కి కూచున్నాను.

కంకిపాడు ఇంకా రాకముందే వాన పట్టుకుంది. పగలే చీకటి పడినట్టయింది. ఎదర ఏమీ కనిపించడం లేదు. మా ఆయన వైపరు వేశాడు. వైపరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురొచ్చే బస్సుకు మేము కనపడాలి గదా అని లైట్లు వేశాడు. లైట్లు వెలిగినట్టే వెలిగి ఎర్రబడ్డాయి, ఆ వెంటనే ఇంజిను గొంతు మారింది. లైట్లు ఆపేశాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. కాలువ వంతెన ఎక్కే ఏటవాలులో ఎదురుగా బస్సు దిగుతుంటే పక్కకు జరిగి ఆగాల్సివచ్చింది. రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టినట్టయి ఇంజిను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాన చప్పుడు ఉంది, కాలువ చప్పుడు ఉంది. అయినా నాకు మాత్రం ఏమీ వినిపించలేదు.

మా ఆయన దిగి బానెట్ ఎత్తాడు. నేనూ దిగి ఆయన తల మీద నా కొంగు పట్టాను. బ్యాటరీ మూతలు విప్పాడు. కింద పెట్టిన గుడ్డముక్కలు తీసి చేతిలో పట్టుకుని చూశాడు. లోపలికి చూశాడు. నీళ్లు గొంతుదాకా ఉన్నాయి. ఒక మూత కింద ఉన్న గదిలో నీళ్లు మడ్డిగా, ఇటుకపొడి కలిపినట్టున్నాయి. బ్యాటరీ కూచునే ఇనుప తొట్టి అంచులు యాసిడ్ పొంగి తినేసి కాగితంలా అయిపోయాయి. తీగలు బిగించిన చోట మాత్రం బంగారంలా మెరుస్తోంది.

వ్యాను కిటికీలోంచి అత్తగారు అడిగింది. "ఏమైందిరా?"

ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "అమ్మా, ఇందులో ఏం నీళ్లు పోశావు?"

"ఏం నీళ్లేమిటి, మంచినీళ్లు. పటికేసి, తేర్చి, వడగట్టి మరీ పోశాను. రోజూ పోశాను, ఒక్క పూట మానలేదు. ఎందుకు?"

ఆయన మూతలు మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి ఎంత నెమ్మదిగా బిగించాడంటే, చేతిలో పని అయిపోతే మాట్లాడాల్సి వస్తుందని బిగిస్తున్నట్టుంది. నేను ఆయన మొహం చూశాను. నాకు బ్యాటరీ గురించి అప్పటికి ఏమీ తెలియకపోయినా ఆ మొహం చూసి అంతా తెలిసిపోయింది. లోపల చెల్లెలి అరుపులకూ కిటికీలోంచి చూస్తున్న ఆ ముసలి మొహానికీ మధ్య ఆయన నిలబడి ఉన్నాడు.

"ఏం లేదమ్మా. పాతబడింది. ఆయుష్షు అయిపోయింది" అన్నాడు.

తోద్దామంటే వంతెన ఎక్కే దారి. వెనక్కి వదిలి దిగుడులో స్టార్టు చేద్దామంటే వెనక మలుపు, మలుపు పక్కన గోడా రాయీ ఏమీ లేకుండా కాలువ. నిండుగా, ఎర్రగా పోతోంది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు రైతులు, నేను, నర్సమ్మగారు కలిసి తోశాము. అంగుళం ఎక్కి అడుగు జారింది. జారినప్పుడు లోపల అత్తగారు కేక వేసింది, చెల్లెలు మాత్రం వేయలేదు. అది అరవకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు వెనకనించి ఊక లారీ వచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏం గురూ, దీన్ని మ్యూజియానికి తీసుకెళ్తున్నావా?" అన్నాడు. నేనే చెప్పాను, "కాన్పు మనిషి ఉంది బాబూ, బిడ్డ అడ్డం తిరిగింది" అని. ఆ మనిషి తల లోపలికి తీసుకున్నాడు. లారీని మా ముందుకు తెచ్చి పెట్టి, ఊక బస్తాలకు కట్టిన మోకు క్లీనరు చేత విప్పించి వ్యానుకు కట్టించాడు. తన తలగుడ్డ విప్పి మోకు ఇనుముకు రాసుకునే చోట చుట్టాడు.

లారీ కదిలింది. మోకు బిగుసుకుని కిర్రుమన్నది. అది తెగితే మేము వెనక్కి, కాలువలోకి. వెనక అద్దంలోంచి నాకు ఎర్రటి నీళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. చెల్లెలి తల రెండు చేతులతో పట్టుకుని కూచున్నాను. మా ఆయన క్లచ్ వదిలాడు. వ్యాను గట్టిగా ఒక్క కుదుపు కుదిపి చచ్చినట్టే ఉండిపోయింది. ఆ కుదుపుకు చెల్లెలు ఒక శబ్దం చేసింది, మనిషి చేసే శబ్దంలా లేదు. వంతెన నెత్తి మీదికి ఎక్కాక, దిగుడులో, మళ్లీ వదిలాడు. అప్పుడు అందుకుంది. లారీ డ్రైవరు మోకు విప్పించుకుని, తలగుడ్డ మాత్రం మర్చిపోయి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఆ వంతెన దగ్గర ఎంతసేపు పోయిందో నాకు తెలియదు. నర్సమ్మగారికి తెలుసు, ఆమెకు చేతి గడియారం ఉంది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తరవాత ఆమె గొట్టం పెట్టి విన్నది. విని, గొట్టం జరిపి మళ్లీ విన్నది. తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇంక బెజవాడ దాకా దాన్ని చెవులకు పెట్టలేదు.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ అంటున్న చోటు నుంచి ఊళ్లోకి వచ్చి పెద్దాసుపత్రి మెట్ల ముందు నిలిపాడు. జనం వచ్చి చెల్లెల్ని మోసుకుపోయారు. నేనూ అత్తగారూ నర్సమ్మగారూ వెంట పరిగెత్తాము.

చెల్లెలు బతికింది. బిడ్డ బతకలేదు. అత్తగారు అన్నట్టు ఆడపిల్లే.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ మా వంక చూసింది. ఇంకొంచెం ముందు తీసుకొస్తే అని ఒక మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పేస్తుందేమోనని భయం. పక్కనే అత్తగారు ఉంది. ఆవిడా అడగలేదు. డాక్టరమ్మ, "తల్లిని చూసుకోండి" అని లోపలికి పోయింది.

నేను బయటికి వచ్చేసరికి వాన వెలిసింది. వ్యాను అదే చోట ఉంది. ఇంజిను నడుస్తూనే ఉంది. మా ఆయన స్టీరింగు పట్టుకుని, కాలు అలాగే నొక్కిపెట్టి, తల వాల్చకుండా ఎదురుగా చూస్తూ కూచున్నాడు. ఎవరో అరిచి పక్కకు జరపమంటే జరిపాడట గానీ ఆపలేదట. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఆపెయ్యండి" అన్నాను.

"బిడ్డ?"

"లేదు. చెల్లెలికి పర్లేదు. ఆపెయ్యండి ఇంక."

తాళం తిప్పాడు.

సోమవారం పొద్దున్న మా ఆయన బ్యాటరీని విప్పి, పెద్దాసుపత్రి దగ్గర్లోనే ఉన్న బ్యాటరీలు బాగుచేసే షాపుకు తీసుకెళ్లాడు. నేనూ అత్తగారూ హోటల్లో ఇడ్లీ కట్టించుకుని ఆసుపత్రికి వెళ్తూ అక్కడ ఆగాము. షాపు ఆయన అంతకుముందు మిలిటరీ విమానాల దగ్గర బ్యాటరీల పని చేసి వచ్చినవాడు. ఆ సంగతి ఆయనే మొదట చెప్పుకున్నాడు, వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. బ్యాటరీ పైన మూసిన తారు కరిగించి లోపలి ప్లేట్లు పైకి లాగాడు. సగం చేతికి వచ్చాయి, సగం బురదలా అడుగునే ఉండిపోయాయి.

"మూడేళ్లు రావాల్సిన సరుకయ్యా ఇది, ఏడాదికే చంపేశారు" అన్నాడు. "విమానంలో అయితే బ్యాటరీని దించి, పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ నింపి, ఎంతసేపు నిలుస్తుందో చూస్తే గానీ ఎక్కించనిచ్చేవాళ్లు కాదు. ఎందుకో తెలుసా? రోడ్డు మీదైతే తోసేవాడు దొరుకుతాడు. పైన ఎవడు తోస్తాడు? ఇంతకీ ఎవరు పోశారు ఇందులో నీళ్లు?"

అత్తగారు ఇడ్లీ పొట్లం పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ నోరు తెరిచింది.

"నేనే" అన్నాడు మా ఆయన. "మొన్న బయల్దేరేటప్పుడు. కంగారులో బావి నీళ్లు పోశాను. ఉప్పునీళ్లు."

షాపు ఆయన ప్లేట్ల వంక చూశాడు. ఒకరోజులో అయిన పని కాదని అవి చూస్తే ఆయనకు తెలియకుండా ఉంటుందా. తరవాత మా ఆయన వంక చూశాడు, ఆ తరవాత అత్తగారి వంక. ఇంకేమీ అడగకుండా తిరిగి, స్టవ్వుకు గాలి కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఉప్పునీళ్లు పోశావా?" అన్నది అత్తగారు. "నెలరోజులు నేను పసిబిడ్డకు పట్టినట్టు తేటనీళ్లు పట్టి కాపాడితే, నువ్వొచ్చిన పూటే ఉప్పునీళ్లు పోసి చంపావట్రా. ఇన్నేళ్ల డ్రైవరువి. నీకు బుద్ధెక్కడ పోయింది?"

"కంగారులో తెలియలేదమ్మా."

"తెలియలేదట." ఆవిడ కళ్లొత్తుకుంది. "ఆ పిల్ల ఉసురు..." అని మధ్యలో ఆగిపోయింది. కొడుకును అంతమాట అనలేకపోయింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

మా మిషను ఆసుపత్రిలో పెద్దవాళ్లు కూడా ఆయన్ను పిలిచి చీవాట్లు పెట్టారు. బ్యాటరీ చూసుకోవడం రానివాడు డ్రైవరేమిటి అన్నారు. దానికీ ఊరుకున్నాడు. చెల్లెలి మొగుడు వచ్చి ఏడ్చాడు గానీ ఎవర్నీ ఏమీ అనలేదు.

ఆ సంగతి మా ఆయనా నేనూ కూడా ఎప్పుడూ పైకి అనుకోలేదు. కొత్త బ్యాటరీ వచ్చిన రోజున ఆయన నన్ను పిలిచి మూతలు విప్పి చూపించాడు. గోరంత పైన, ఆవిరి పట్టిన నీళ్లే, పుల్లతో కన్నాలు, వంటసోడా, వాజిలిన్. అత్తగారు పీట మీద కూచుని చూస్తూ, "దానికెందుకురా, నేను లేనా" అన్నది. "నీకు చూపు ఆనడం లేదమ్మా" అన్నాడు. షెడ్డుకు తాళం వేశాడు. తాళంచెవి నా దగ్గరుండేది. ఆవిడ దానికి కొన్నాళ్లు అలిగింది.

భయం మాత్రం పోలేదు. కాగు మూత తీసి ఆవిడ పటిక చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా చెయ్యి కొంగున కట్టిన తాళంచెవి మీదికి పోయేది. ఎవరన్నా డ్రైవరు ఇంటికొచ్చి కబుర్లలో బ్యాటరీ మాట ఎత్తి, కాలువ నీళ్లు పోస్తే ఏమవుతుందో చెప్తాడేమోనని నేను మధ్యలోకి వెళ్లి కాఫీ ఇస్తాననో, అన్నం తినమనో మాట మళ్లించేదాన్ని. చెల్లెలికి తరవాత ఇద్దరు పుట్టారు. వాళ్లను మా ఇంట్లో ఉంచుకుని అత్తగారే పెంచింది. వాళ్లకు స్నానం చేయిస్తూ అప్పుడప్పుడు, "మీ అక్కయ్య ఉంటే ఇంతుండేది, మీ పెద్దనాన్న కంగారుపడ్డాడు" అనేది. మా ఆయన అరుగు మీద కూచుని వినేవాడు. నా భయమంతా ఆయన ఎప్పుడో ఒక రోజు ఓర్చుకోలేక చెప్పేస్తాడని. చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు, పోయాక కూడా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆయన కూడా లేడు. నలభై దాటాక చర్చి సాయంకాలం బడిలో నేర్చుకున్న ఈ అక్షరాలతో నేను రాస్తున్నాను. ఉప్పునీళ్లు పోసిన డ్రైవరన్న మాట ఆయన మీద అలా ఉండిపోవడం నాకిష్టం లేదు. ఆవిడ ప్రేమగా పోసిందన్న సంగతీ అంతే నిజం కాబట్టి రెండూ రాశాను.

ఆ శనివారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. వ్యాను నడిపిన మా ఆయన. పక్కన ఖాళీ సీట్లో బైబిలు సంచి పెట్టి వెనక కూచున్న మా అత్తగారు. గొట్టంతో విన్న నర్సమ్మగారు. పెట్రోలు డబ్బా ఇచ్చిన బంకు ఆయన. వానలో తోసిన రైతులు. మోకు కట్టి లాగిన ఊక లారీ డ్రైవరు, మోకు విప్పిన అతని క్లీనరు. నా చెల్లెలు. నేను. చెల్లెలి కడుపులో, ఇంకా పేరు పెట్టని పిల్ల.